మెస్సియాన్ ‘కాలాంతపు క్వార్టెట్’ వినడం ఎలా? లయ తెలిసిన చెవికి ఒక సమగ్ర మార్గదర్శి

పియానో, క్లారినెట్, వయొలిన్, చెల్లో అనే నాలుగు వాద్యాల కోసం ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ రాసిన ‘కాలాంతపు క్వార్టెట్’ ఎనిమిది భాగాల కృతి. మొత్తం వాయించడానికి దాదాపు 50 నిమిషాలు పడుతుంది. ఇరవయ్యో శతాబ్దపు ఛాంబర్ సంగీతంలో ఇంత పేరు మోసిన కృతులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. అయినా కొత్తగా వినేవారికి మొదటి రెండు భాగాలు దాటడమే గండంగా తోస్తుంది. చెవి అలవాటు కొద్దీ పాట కోసం, పట్టుకోదగిన వరుస కోసం వెతుకుతుంది. మెస్సియాన్ అంతకంటే ముందు కాలం మీద పనిచేశాడు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ ఎంత నిడివి ఉండాలి, ఆ నిడివి ఎలా పెరగాలి, ఎలా తరగాలి అన్నదే ఆయనకు ముఖ్యం. కర్ణాటక సంగీతంలో ‘తకధిమి’, ‘తకిట’ చెప్పగలిగినంత పరిచయం ఉన్న శ్రోతకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఈ మార్గదర్శి ఆ సౌలభ్యాన్ని ఆధారం చేసుకుని, కృతిని భాగాల వరుసలో గాక, చెవికి సులువైన వరుసలో పరిచయం చేస్తుంది. స్టాఫ్ నొటేషన్ చదవడం రానక్కరలేదు.

మొదటి మెట్టు: రికార్డింగును, గదిని సిద్ధం చేసుకోవడం

ఈ కృతికి రికార్డింగులు చాలానే ఉన్నాయి. మొదటి పరిచయానికి 1970ల నాటి ‘తాషీ’ బృందం రికార్డింగును నేను సూచిస్తాను. పియానిస్టు పీటర్ సెర్కిన్, క్లారినెటిస్టు రిచర్డ్ స్టోల్ట్స్‌మన్, వయొలినిస్టు ఐడా కవాఫియన్, చెల్లిస్టు ఫ్రెడ్ షెర్రీ 1973లో ఆ బృందంగా ఏర్పడింది ప్రధానంగా ఈ కృతిని వాయించడానికే. స్వరకర్త మనసులో ఏముందో తెలుసుకోవాలంటే మెస్సియాన్ స్వయంగా పియానో వాయించిన 1950ల రికార్డింగు ఉంది. అందులో చెల్లో వాయించిన ఎతియెన్ పాస్కియే ఈ కృతి తొలి ప్రదర్శనలోనూ పాల్గొన్నవాడు. ధ్వని కొంత పాతగా ఉంటుంది కనుక దాన్ని రెండో విడతకు ఉంచుకోవడం మంచిది.

ఈ సంగీతంలో అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య అంతరం చాలా ఎక్కువ. బస్సులోనో, వంటింట్లో పని చేసుకుంటూనో వింటే సగం కృతి వినిపించనే వినిపించదు. ముందుగా మూడో భాగం పెట్టి, అందులో క్లారినెట్ అత్యంత మెల్లగా పలికే స్వరం గదిలో అంతంత మాత్రంగా వినిపించేలా ధ్వనిని సరిచేసుకోండి. ఆ తరువాత దాని జోలికి పోవద్దు. ఆరో భాగం వచ్చేసరికి చెవులు అదిరితే, అది అదరవలసిన చోటే అనుకోండి. పాటల యాప్‌లో వింటున్నట్లయితే వరుస మార్చే మీటను ఆపివేసి, భాగాల నడుమ ప్రకటనలు రాకుండా చూసుకోవాలి. ఐదో భాగం ముగిసిన మరుక్షణం సబ్బు ప్రకటన వినవలసి వస్తే అంతవరకూ కూర్చున్నదంతా వృథా.

రెండో మెట్టు: పుట్టుక కథను ఉన్నంతలోనే తెలుసుకోవడం

మెస్సియాన్ 1908లో అవిన్యోఁలో పుట్టాడు. 1931 నుంచి పారిస్‌లోని త్రినితే చర్చిలో ఆర్గన్ వాద్యకారుడు, గాఢమైన కాథలిక్ విశ్వాసి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తూ 1940 జూన్‌లో జర్మన్లకు బందీగా చిక్కాడు. క్లారినెటిస్టు ఆన్రీ అకోకా, చెల్లిస్టు పాస్కియే కూడా అదే సమయంలో పట్టుబడ్డారు. ముగ్గురినీ సైలీషియా ప్రాంతంలోని గోర్లిట్స్ పట్టణం పక్కన ఉన్న ‘స్టాలాగ్ 8-ఎ’ అనే యుద్ధఖైదీల శిబిరానికి తరలించారు. ఆ స్థలం ఇప్పుడు పోలండ్‌లో, జ్గోజెలెట్స్ పట్టణంలో ఉంది. వయొలినిస్టు జాఁ లె బూలేర్ వారికి శిబిరంలోనే కలిశాడు. వాద్యాల కూర్పు ఇలా ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు ఇంతే: అక్కడ ఆ రోజుల్లో దొరికిన వాద్యకారులు వీరు. కార్ల్-ఆల్బర్ట్ బ్రూల్ అనే జర్మన్ కాపలాదారు కాగితాలూ పెన్సిళ్లూ సమకూర్చి మెస్సియాన్ రాసుకునేందుకు సాయపడ్డాడు. 1941 జనవరి 15న, గడ్డకట్టే చలిలో, శిబిరంలోని ఒక బారక్‌లో తోటి ఖైదీల ముందు, జర్మన్ అధికారుల సమక్షంలో తొలి ప్రదర్శన జరిగింది.

ఈ కథ చుట్టూ కొంత పురాణం అల్లుకుంది, దాన్ని అల్లినవారిలో మెస్సియాన్ కూడా ఒకడు. ఆనాడు 5,000 మంది విన్నారనీ, చెల్లోకు మూడే తీగలున్నాయనీ ఆయన తరువాతి కాలంలో చెప్పేవాడు. ఆ చెల్లో వాయించిన పాస్కియే మాత్రం తన వాద్యానికి నాలుగు తీగలూ ఉన్నాయని గట్టిగా చెప్పాడు. ఒక బారక్‌లో పట్టేది కొన్ని వందల మందే. పియానో మీటలు కొన్ని నొక్కితే పైకి లేచేవి కావన్నది మాత్రం నమ్మదగిన మాటే. వినేటప్పుడు ఈ దృశ్యాలన్నింటినీ కళ్లముందు ఆడించుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. కృతి ముళ్లకంచెను వర్ణించదు, యుద్ధం మీద ఫిర్యాదు చేయదు. దీనికి ఆధారం బైబిలులోని ప్రకటన గ్రంథం పదో అధ్యాయం. అక్కడ తల మీద ఇంద్రధనుస్సుతో, సూర్యుడి వంటి ముఖంతో, అగ్నిస్తంభాల వంటి పాదాలతో ఒక దేవదూత దిగివచ్చి, ఒక కాలు సముద్రం మీద, మరొకటి నేల మీద మోపి, చెయ్యి ఆకాశంవైపు ఎత్తి ప్రమాణం చేస్తాడు. ఇక కాలమన్నది ఉండదని ఆ దేవదూత చాటినట్టుగా మెస్సియాన్ తీసుకున్నాడు. అంకితం కూడా ఆ దేవదూతకే. భూతభవిష్యత్తుల లెక్క లేని స్థితిని లెక్కల మీదే బతికే సంగీతంతో ఎలా పలికించాలన్నది ఆయన ముందున్న సమస్య. ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క ఉపాయం పన్నాడు.

మూడో మెట్టు: ఐదో భాగంతో మొదలుపెట్టడం

ఐదో భాగం ‘యేసు నిత్యత్వానికి స్తుతి’ చెల్లో, పియానో మాత్రమే వాయిస్తాయి. దీనితో మొదలుపెట్టమనడానికి కారణం, ఇందులో రాగభావం తేటగా ఉంటుంది, ఆధార స్వరం దొరుకుతుంది, పియానో ఒకే తీరున స్వరగుచ్ఛాలను, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులను, మెల్లమెల్లగా మోపుతూ పోతుంది. కష్టమల్లా వేగంతోనే, అంటే వేగం లేకపోవడంతోనే. ‘అనంతమైన నిదానంతో’ వాయించమని మెస్సియాన్ రాసి, పావు మాత్ర వంటి చిన్న విలువకు నిమిషానికి 44 చొప్పున లెక్క ఇచ్చాడు. అంటే అలాంటి నాలుగు చిన్న విలువలు కలిసిన ఒక పూర్తి మాత్రకు ఐదు సెకన్లకు పైగా పడుతుంది. మన అతివిలంబ కాలంలో కూడా ఒక మాత్ర అంతసేపు సాగడం అరుదు.

మొదట ఒకసారి ఊరికే వినండి. రెండోసారి పియానో గుచ్ఛాలకు వేలితో తొడ మీద మెల్లగా తట్టండి. రెండు మూడు నిమిషాలు గడిచేసరికి, తట్టు సమంగా పడుతున్నా అది లెక్కగా అనిపించడం మానేస్తుంది. ఏ తట్టు ఆవృత్తానికి ఆరంభమో, ఏది నడుమో తెలియదు, తెలియాలన్న తొందర కూడా తగ్గుతుంది. ఇక చెల్లో మీద ధ్యాస ఉంచండి. ఒక్కో వాక్యం చివర వాద్యకారుడు కమానును ఎంత నెమ్మదిగా లాగుతున్నాడో, అయినా నాదం తెగకుండా ఎలా నిలబెడుతున్నాడో గమనించవచ్చు. వాయించేవారికి కృతి మొత్తంలో ఇది కఠిన పరీక్షల్లో ఒకటి, ఎందుకంటే కమాను పొడవు పెరగదు, స్వరం నిడివి తరగదు.

ఈ సంగీతం శిబిరంలో కొత్తగా పుట్టింది కాదు. 1937 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో సేన్ నది మీద నీటి ఫౌంటెన్ల వేడుక కోసం, ‘ఓండ్ మార్తెనో’ అనే తొలితరం ఎలక్ట్రానిక్ వాద్యాలు ఆరింటికి రాసిన కృతి నుంచి మెస్సియాన్ దీన్ని తెచ్చుకున్నాడు. అలాగే ఎనిమిదో భాగం 1930లో ఆర్గన్‌కు రాసిన కృతిలోని రెండో సగం, శ్రుతి మార్చి వయొలిన్‌కు అమర్చినది. ఈ సంగతి తెలిస్తే, నిర్బంధంలో నుంచే ఈ స్తుతులు పొంగుకొచ్చాయని రాసే వ్యాసాలను చదివేటప్పుడు కొంచెం జాగ్రత్త పడతాము.

నాలుగో మెట్టు: ఒంటరి క్లారినెట్

మూడో భాగం ‘పక్షుల అగాధం’లో క్లారినెట్ ఒక్కటే ఉంటుంది. శిబిరానికి చేరకముందే, బందీలను తాత్కాలికంగా ఉంచిన చోట, అకోకా కోసం మెస్సియాన్ దీన్ని రాశాడు. అగాధమంటే కాలం, దాని అలసట, దాని దుఃఖం. పక్షులు దానికి ఎదురు, వెలుగు కోసం, ఇంద్రధనుస్సు కోసం మన ఆరాటం. ఈ వివరణ మెస్సియాన్‌దే.

తోడుగా శ్రుతి పెట్టె గానీ మృదంగం గానీ లేని ఆలాపనగా దీన్ని వినవచ్చు. అయితే ఆలాపనలో ఉండే స్వేచ్ఛ ఇక్కడ లేదు, ప్రతి స్వరం నిడివీ రాసిపెట్టే ఉంటుంది. దీని ఆరంభంలో స్వరాలు మెట్లు దిగుతున్నట్టుగా, అడుగు తడుముకుంటున్నట్టుగా నడుస్తాయి. అందులో వినిపించే వింత రంగుకు కారణం మెస్సియాన్ తనదిగా చేసుకున్న ఒక స్వరశ్రేణి. స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలను ఒకటి, రెండు, ఒకటి, రెండు అని వరుసగా దాటుకుంటూ పోతే ఎనిమిది స్వరాలు వస్తాయి. ఎనిమిది స్వరాలు కనుక 72 మేళకర్తల్లో దీనికి చోటు లేదు. దీనికి గ్రహభేదం చేసి, అంటే ఇందులోని మరో స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని చూస్తే వచ్చేవి రెండే రూపాలు. చెవికి ‘ఇదే షడ్జం’ అని స్థిరపడనివ్వని గుణం అక్కడి నుంచే వస్తుంది.

ఈ భాగంలో ఒక్క చోటును ప్రత్యేకంగా వెతకండి. క్లారినెట్ ఒకే ఒక స్వరాన్ని ఉందా లేదా అన్నంత మెల్లగా మొదలుపెట్టి, ఊపిరి ఉన్నంతవరకూ పెంచుకుంటూ, చివరికి చెవి భరించగలిగిన అంచు దాకా తీసుకుపోతుంది. స్వరం మారదు, లయ లేదు, ధ్వని పరిమాణం మాత్రమే మారుతుంది. ఆ స్వరం ఎప్పుడు మొదలైందో మీకు కచ్చితంగా తెలిసిపోతే వాద్యకారుడు బాగా మొదలుపెట్టలేదన్నమాట. ఆ వెంటనే పక్షుల కిలకిలలు ఎగిరిపడతాయి. మన వైపు క్లారినెట్ అనగానే పెళ్లి బ్యాండు గుర్తుకొస్తుంది, ఆ వాద్యానికి ఇంత మెత్తదనం కూడా చేతనవునని తెలియడానికి ఈ ఎనిమిది నిమిషాలు చాలు.

ఐదో మెట్టు: ఆరో భాగంలో నోటితో లెక్క చెప్పడం

ఆరో భాగం ‘ఏడు బూరల కోసం ఆగ్రహ నృత్యం’. నాలుగు వాద్యాలూ మొదటి నుంచి చివరి దాకా ఒకే వరుసను కలిసి వాయిస్తాయి. తోడు స్వరాలు లేవు, శ్రుతి గుచ్ఛాలు లేవు. మిగిలింది లయ ఒక్కటే. మన శ్రోతకు అందరికంటే త్వరగా దగ్గరయ్యే భాగం ఇదేనని నా నమ్మకం.

మొదటి రెండు సార్లు తాళం వేయడానికి ప్రయత్నించండి, విఫలమవుతారు. ఆది తాళమూ పడదు, ఖండ చాపూ పడదు. సమంగా సాగుతున్న విలువల మధ్య మెస్సియాన్ ఎక్కడో ఒక అర విలువను అదనంగా దూర్చుతాడు, దానితో వేసే చెయ్యి తప్పుతుంది. అందువల్ల తాళం వదిలేసి జతులతో వెళ్లాలి. భాగం మధ్యలో ధ్వని తగ్గి, వరుస కొంత గుసగుసగా మారే చోట వచ్చే మొదటి లయవాక్యం నిడివులు ఇవి: 3, 5, 8, 5, 3. నోటితో ఇలా చెప్పుకోండి: తకిట, తకతకిట, తకధిమితకజణు, తకతకిట, తకిట. దాని వెంటనే వచ్చేది 4, 3, 7, 3, 4: తకధిమి, తకిట, తకిటతకధిమి, తకిట, తకధిమి. ఒక్కో గుంపుకు ఒక్కో స్వరం నిలుస్తుంది. కొత్త స్వరం వచ్చిన ప్రతిసారీ జతి మొదటి అక్షరం పడాలి. రికార్డింగు లేకుండా ముందు పది సార్లు చెప్పి, ఆ తరువాత రికార్డింగుతో కలపండి.

చెబుతున్నప్పుడే అసలు సంగతి తెలిసిపోతుంది. ముందు నుంచి చెప్పినా వెనక నుంచి చెప్పినా నిడివుల వరుస ఒకటే. తెనాలి రామకృష్ణుడి ‘వికటకవి’ లాగా, చిత్రకవిత్వంలోని పాదభ్రమకం లాగా ఇది తిరగబడని లయ. మన యతుల్లో మృదంగ యతి కూడా ఇలాగే నడుమ ఉబ్బి రెండు కొసలా సన్నబడుతుంది. మెస్సియాన్ ఇలాంటి లయల్ని జీవితాంతం వాడాడు. వెనక్కి తిప్పినా మారని దానికి ముందూ వెనకా అన్న తేడా ఏముంటుంది? కాలం ఒకే దిక్కున పరుగెత్తుతుందన్న భావననే ఇది చిత్తు చేస్తుంది. చివర్లో మొదటి వరుస నిడివులు పెంచుకుని, స్వరాలు కింది కొస నుంచి పై కొసకు విసిరేసినట్టుగా తిరిగివస్తుంది. అప్పటికి మీకు లెక్క మీద పట్టు దొరికి ఉంటుంది కనుక ఆ గోల మధ్య కూడా వరుసను గుర్తుపట్టగలుగుతారు.

ఆరో మెట్టు: మొదటి భాగంలో రెండు చక్రాలు

ఇప్పుడు మొదటి భాగం ‘స్ఫటిక ప్రార్థన’కు రావచ్చు. మూడు నిమిషాల లోపే ముగిసే ఈ భాగానికి వారం రోజులు కేటాయించినా తప్పులేదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య పక్షులు మేలుకునే వేళ అని స్వరకర్త వివరణ. క్లారినెట్ యూరప్ తోటల్లో కూసే బ్లాక్‌బర్డ్, వయొలిన్ నైటింగేల్. ఈ రెండూ తమకు తోచినట్టు కూస్తుంటాయి. వాటి అడుగున పియానో, చెల్లో తిరిగే యంత్రాల్లా పనిచేస్తాయి. మొదటిసారి వినేవారి చెవి పక్షుల వెంటే పోతుంది. పోనివ్వండి. రెండోసారి నుంచి వాటిని పట్టించుకోకుండా పియానోను వినాలి.

పియానో చేతిలో 17 నిడివుల లయమాల ఒకటి ఉంది. అది మూడు దేశీ తాళాలను వరుసగా గుచ్చి చేసినది. దేవగిరి యాదవ రాజు సింఘణుడి ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో రచించిన ‘సంగీత రత్నాకరం’లో 120 దేశీ తాళాల పట్టిక ఉంది. రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడి పేరిట ప్రసిద్ధమైన ‘సంగీత సుధాకరం’ ఆ గ్రంథానికి వ్యాఖ్యే, కనుక తెలుగు నేలకు ఈ పట్టిక కొత్తది కాదు. మెస్సియాన్‌కు అది దొరికింది లావిన్యాక్ సంపాదకత్వంలో వెలువడిన ఫ్రెంచి సంగీత విజ్ఞాన సర్వస్వంలో, జొవానీ గ్రోసే భారతీయ సంగీతం గురించి రాసిన వ్యాసంలో.

మొదటి తాళం రాగవర్ధనం. ద్రుతం, ద్రుతవిరామం, ద్రుతం, ప్లుతం అన్న దాని అంగాలను ఒకే కొలతలోకి మారిస్తే 2, 3, 2, 12 అవుతాయి. మెస్సియాన్ దీన్ని తలకిందులు చేసి, 12ను మూడు నాలుగులుగా విడదీశాడు: 4, 4, 4, 2, 3, 2. రెండోది చంద్రకళ. మూడు గురువులు, మూడు ప్లుతాలు, ఒక లఘువు. ఇక్కడ లఘువునే ఒకటిగా లెక్కిస్తే 2, 2, 2, 3, 3, 3, 1. మూడోది లక్ష్మీశం: 2, 3, 4, 8. కలిపితే 17 నిడివులు, 52 చిన్న విలువలు. జతులతో చెప్పాలంటే తకధిమి మూడు సార్లు, తక, తకిట, తక. తరువాత తక మూడు సార్లు, తకిట మూడు సార్లు, ఒక త. చివరికి తక, తకిట, తకధిమి, తకధిమితకజణు. ఆ ఆఖరి ఎనిమిది దగ్గర పియానో ఒకే గుచ్ఛం మీద ఎక్కువసేపు నిలిచిపోతుంది. చెవికి దొరికే గుర్తు అదే. ఒక నిలుపు నుంచి మరో నిలుపు దాకా లెక్కించడం మొదలుపెడితే ఆవృత్తం చేతికి వస్తుంది.

కానీ అదే పియానో వాయించే స్వరగుచ్ఛాల వరుసలో 29 ఉన్నాయి. 17 నిడివులు ముగిసేసరికి గుచ్ఛాలు ఇంకా పన్నెండు మిగిలి ఉంటాయి, అందుచేత రెండో ఆవృత్తంలో అదే లయకు వేరే గుచ్ఛాలు పడతాయి. 17, 29 రెండూ ప్రధాన సంఖ్యలు కనుక, మొదటి గుచ్ఛం మళ్లీ మొదటి నిడివి మీద పడాలంటే 493 గుచ్ఛాలు వాయించాలి. ఇక చెల్లో తన లోకంలో తానుంటుంది. దానికి ఐదే స్వరాలు: సి, ఇ, డి, ఎఫ్ షార్ప్, బి ఫ్లాట్. సిని షడ్జంగా పెట్టుకుంటే స, అంతర గాంధారం, చతుశ్రుతి రిషభం, ప్రతి మధ్యమం, కైశికి నిషాదం. ఇవన్నీ గోప్రియ రాగంలోని స్వరాలే. గ్రహభేదం చేసినా గోప్రియ గోప్రియగానే ఉంటుందన్నది సంగీత విద్యార్థులకు తెలిసిన విషయం, ఆ రాగంలోని స్వరాల మధ్య దూరాలన్నీ సమానం. ఈ ఐదు స్వరాలను చెల్లో 15 నిడివుల మీద తిప్పుతుంది: 4, 3, 4, ఆ తరువాత 4, 1, 1, 3, 1, 1, 1, 1, 3, 1, 1, 4. రెండు ముక్కలూ తిరగబడని లయలే. తీగను గట్టిగా నొక్కకుండా తాకి పుట్టించే ఈల వంటి నాదంతో వాయిస్తుంది కనుక అది చెల్లో అని మొదట తోచకపోవచ్చు.

పియానో చక్రం, చెల్లో చక్రం రెండూ ఒకేసారి మొదటికి రావాలంటే గంటల తరబడి వాయించాలి. మెస్సియాన్ మూడు నిమిషాల లోపే ఆపేశాడు. ఎప్పుడో మొదలై ఎప్పటికీ సాగేదానిలో ఒక ముక్కకు మాత్రమే మనం కిటికీ తెరిచామన్న భావన కలిగించడం ఆయన ఉద్దేశం. ద్వితాళ అవధానంలో ఒక చేత ఒక తాళం, రెండో చేత మరో తాళం వేస్తూ పల్లవి పాడేవారిని విన్నవారికి ఈ ఏర్పాటు అర్థమవుతుంది. తేడా ఏమిటంటే అవధానంలో రెండు తాళాలూ సమం దగ్గర కలుసుకుంటాయి, ఆ కలయికకే సభ చప్పట్లు కొడుతుంది. ఇక్కడ కలయిక రాదు.

ఒక సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. ఇది భారతీయ సంగీతం కాదు, కావాలని మెస్సియాన్ అనుకోనూ లేదు. చేతి క్రియలు లేవు, సమం లేదు, ఆ తాళాలను ఎవరో వాయించగా ఆయన నేర్చుకోలేదు. పట్టికలోని నిడివులను మాత్రమే తీసుకుని తన పనికి వంచుకున్నాడు. ఆ దేశీ తాళాలు మన కచేరీల్లో కూడా వాడుక తప్పి, సూళాది తాళాలకు చోటిచ్చాయి. గ్రంథంలో నిద్రపోతున్నవాటిని ఆయన వేరే పనికి లేపాడని చెప్పడం సరిపోతుంది.

ఏడో మెట్టు: రెండు, నాలుగు, ఏడు

రెండో భాగం, ఏడో భాగం జంటగా వినవలసినవి. రెండూ ఆ దేవదూతకు సంబంధించినవే. రెండో భాగం ఆరంభంలోని విసురు దేవదూత బలం, మధ్యలో వయొలిన్, చెల్లో ఒకే వరుసను వేర్వేరు స్థాయుల్లో చర్చి గానంలా పాడుతుంటే పియానో నుంచి మెత్తని గుచ్ఛాలు జారిపడతాయి. మెస్సియాన్‌కు ధ్వనులు రంగులుగా తోచేవి, ఈ గుచ్ఛాలను నీలం, నారింజ రంగులవని రాసుకున్నాడు. మనకు ఆ రంగులు కనబడకపోయినా నష్టం లేదు. ఏడో భాగం చెల్లో పాటతో మొదలై, రెండో భాగంలోని విసురును మళ్లీ మళ్లీ తెచ్చి, రెండింటినీ పెనవేస్తుంది. రెండో భాగం వినగానే ఏడోది వింటే ఎక్కడ ఏది తిరిగివచ్చిందో దానంతట అదే తెలుస్తుంది.

నాలుగో భాగం పియానో లేని రెండు నిమిషాల విరామం. శిబిరంలో ముగ్గురు వాద్యకారుల కోసం రాసిన ఈ ముక్క సరళమైన రెండు మాత్రల నడకతో సాగుతుంది. కృతి మొత్తంలో మీరు నిశ్చింతగా తాళం వేయగలిగింది ఇక్కడే, వేసుకోండి.

ఎనిమిదో మెట్టు: మొత్తం వరుసగా

ఇప్పుడు ఒకటి నుంచి ఎనిమిది దాకా ఆపకుండా వినాలి. భాగాల సంఖ్య యాదృచ్ఛికం కాదు. ఆరు రోజుల సృష్టి తరువాత ఏడోది విశ్రాంతి దినం, ఆ విశ్రాంతి నిత్యత్వంలోకి సాగితే ఎనిమిదో సంఖ్య అవుతుందని మెస్సియాన్ రాశాడు. వరుసలో విన్నప్పుడు ఒంటరి క్లారినెట్ ముందు రెండో భాగం హోరు ఎందుకుందో, ఐదో భాగపు నిలకడ వెంటనే ఆరోది ఎందుకు మీద పడుతుందో తెలుస్తుంది.

ఎనిమిదో భాగం ‘యేసు అమరత్వానికి స్తుతి’ వయొలిన్, పియానోలది. పియానో పొట్టి, పొడుగు అని జంటగా గుచ్ఛాలను మోపుతుంటే వయొలిన్ మెట్టుమెట్టుగా పైకి పోతుంది. ఐదో భాగంతో పోల్చి వినండి. రెండూ అతి నిదానమైనవే, రెండూ ఒకే శ్రుతిలో స్థిరపడేవే. అక్కడ పియానో సమంగా నడుస్తుంది, ఇక్కడ గుండె కొట్టుకునే తీరున జతలుగా నడుస్తుంది. అక్కడ చెల్లో విశాలంగా పరుచుకుంటుంది, ఇక్కడ వయొలిన్ తీగ కొసకు ఎక్కుతుంది. రెండింటిలో ఏది గొప్పదన్న వాదన అభిమానుల మధ్య ఎప్పుడూ ఉండేదే, నా ఓటు ఐదో భాగానికి.

వేదిక ముందు కూర్చునే అవకాశం వస్తే ఒక విషయం కంటితో గమనించవచ్చు. నలుగురూ కలిసి వాయించేవి ఒకటి, రెండు, ఆరు, ఏడు భాగాలే. ప్రతి వాద్యానికీ సరిగ్గా రెండేసి భాగాలు సెలవు: పియానోకు మూడు, నాలుగు, క్లారినెట్‌కు ఐదు, ఎనిమిది, వయొలిన్‌కు మూడు, ఐదు, చెల్లోకు మూడు, ఎనిమిది. వాయించకుండా కూర్చున్న వాద్యకారుడు ఏ దిక్కుకు చూస్తున్నాడు, ఎలా ఊపిరి తీస్తున్నాడు అన్నది కూడా ఆ సమయంలో వేదికలో భాగమే. భాగాల నడుమ చప్పట్లు కొట్టరు. సంగతి పడగానే ‘భళా’ అనే మన అలవాటును ఆ 50 నిమిషాలు అదుపులో పెట్టుకోవలసిందే.

ఈ కృతి చెవికి పట్టిన తరువాత, ఇవే నాలుగు వాద్యాలకు పాల్ హిండెమిత్ 1938లో రాసిన క్వార్టెట్ వినండి. అందులో మూడే భాగాలు. మాత్రలు చెదరకుండా నడుస్తాయి, తాళం వేసే చేతికి అంతగా తడబాటు ఉండదు. దాని తరువాత మెస్సియాన్ మొదటి భాగానికి తిరిగివస్తే, అవే వాద్యాల చేత ఆయన ఎంత భిన్నమైన పని చేయించాడో రెండు మూడు వాక్యాల లోపే చెవికి తెలుస్తుంది.